మెగా క్యాంపా, నెలనెలా పుస్తకమా? బీపీ, షుగర్లకు కాలనీలో ఏది మేలు?

ఉగాది దగ్గర పడితే చాలు, అసోసియేషన్ల వాళ్ళు ఇదే అడుగుతారు. "మాస్టారూ, ఈసారి కూడా మెడికల్ క్యాంపు పెట్టేద్దామా, మీ వీధుల్లో చేస్తున్నట్టు నెలనెలా చూపిద్దామా?" బ్రాడీపేట వాళ్ళు అడిగారు, గోరంట్ల వాళ్ళు అడిగారు, మొన్న విజయవాడ పటమట నుంచి ఒకాయన ఫోన్ చేసి మరీ అడిగారు. గుంటూరులో మా కాలనీలో ఆరేళ్ళు వరసగా క్యాంపులు పెట్టాం. పోయిన ఏడాది నుంచి రెండో దారి పట్టాం: నెలనెలా బీపీ చూసి, ఒక పుస్తకంలో పేరు పేరునా రాసుకోవడం. రెండూ దగ్గరుండి చూశాను గనక నాకు తెలిసింది చెబుతాను.

క్యాంపులో మంచి లేదని ఎవరన్నా అంటే ఒప్పుకోను. ఆదివారం పెడతాం కాబట్టి మగవాళ్ళు వస్తారు. మామూలు రోజుల్లో వార్డులో దొరకని కంటి డాక్టరు, గుండె డాక్టరు ఒకే హాల్లో కూర్చుంటారు. ఈసీజీ అక్కడికక్కడే తీస్తారు. ఒక్క పూటలో రెండొందల మందిని చూసేయొచ్చు. దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు, 31.5 కోట్ల మందికి బీపీ ఉన్నాయని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో లెక్క చెప్పింది. బీపీకి నొప్పి ఉండదు, చూస్తే తప్ప తెలియదు. అలా తెలియకుండా తిరుగుతున్న మనిషిని పట్టుకోవడంలో క్యాంపుకి సాటి లేదు.

పట్టుకున్నాక ఏమవుతుందన్నదే అసలు సంగతి.

మూడేళ్ళ క్రితం మా క్యాంపులోనే మా పిన్నికి షుగరు 286 వచ్చింది. చీటీ మీద రాసి, పది రోజుల మాత్రలు కవర్లో వేసి, "ఒకసారి మా ఆసుపత్రికి వచ్చి చూపించుకోండమ్మా" అన్నారు. పది రోజులూ శ్రద్ధగా వేసుకుంది. మాత్రలు అయిపోయాయి, జబ్బూ అయిపోయిందనుకుంది. ఎనిమిది నెలలకి కాలి బొటనవేలి పుండు మానకపోతే ఆసుపత్రికి బయల్దేరాం. ఆధార్ కార్డు కోసం పెట్టె తీస్తే ఆ చీటీ దొరికింది. రేషన్ కార్డుకీ గ్యాస్ పుస్తకానికీ మధ్య, మడత నలగకుండా దాచుకుంది. 286 కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు. ఆ ఎనిమిది నెలల్లో "పిన్నీ, మందు వేసుకుంటున్నావా?" అని అడిగినవాళ్ళు లేరు. క్యాంపుకి ఫ్లెక్సీ కట్టించిన నేను కూడా అడగలేదు.

అందుకే నేను ఏది మేలో తేల్చుకునేది ఒక్క ప్రశ్నతో: రెండో నెల రాని మనిషి పేరు ఎవరి దగ్గర ఉంది? ఎంతమంది డాక్టర్లు వచ్చారు, ఎన్ని పరీక్షలు చేశారు అన్నవి దాని తర్వాతే. బీపీ, షుగరు ఒక్కరోజు వచ్చి పోయే జబ్బులు కావు. వాటికి నెలనెలా మాత్ర కావాలి, రాకపోతే వెళ్ళి పిలిచే మనిషి కావాలి.

రెండో దారిలో మేం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. 30 ఏళ్ళు దాటిన వాళ్ళందరికీ బీపీ, షుగరు చూడటం జాతీయ కార్యక్రమం కింద ఏఎన్ఎం నర్సులు, ఆశా కార్యకర్తల పనుల్లో ఉన్నదే. పట్టణ ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితమే. కానీ జనం అక్కడికి వెళ్ళరు. వార్డు సచివాలయం ఏఎన్ఎం ఇంటింటికీ తిరిగితే సగం ఇళ్ళకి తాళాలు. అప్పుడు పట్టణ పొదుపు సంఘాల్ని చూసే మెప్మా ఆర్పీ (రిసోర్స్ పర్సన్) ఒకావిడ ఓ మాట అన్నారు: "మా సంఘాల వాళ్ళు పొదుపు కట్టడానికి నెలనెలా తప్పకుండా వస్తారు కదండీ, ఆ రోజే మీరూ వచ్చి కూర్చోండి." అంతే. పొదుపు కట్టే రోజే బీపీ చూసే రోజైంది. ఆర్పీ పిలవాల్సిన వాళ్ళనే పిలుస్తారు, ఏఎన్ఎం చేయాల్సిన పనే చేస్తారు. అసోసియేషన్ తరఫున మేం కొన్నది రెండు వేల చిల్లర పెట్టి ఒక బీపీ మెషీను, ఒక లాంగ్ నోటుబుక్కు. పేరు, వీధి, కొలత, మాత్రలు తీసుకున్న తేదీ, పన్నెండు నెలలకి పన్నెండు గళ్ళు. గడి ఖాళీగా ఉంటే ఆ వీధి ఆశా మర్నాడు ఆ ఇంటికి వెళుతుంది.

చేస్తే గానీ తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి. కొలత పైకి చదవకూడదు. మొదటి నెల నలుగురిలో షుగరు అంకె చదివితే రెండో నెల ఇద్దరు రాలేదు. సంఘం కూర్చునేది పదకొండింటికి, అప్పుడు పరగడుపు షుగరు కుదరదు. అందుకని అక్కడ బీపీ మాత్రం అందరికీ చూసి, షుగరు చూడాల్సిన వాళ్ళని మర్నాడు పొద్దున్నే కేంద్రానికి పంపుతున్నాం. ఉప్పు గురించి ఉపన్యాసం చెబితే ఎవరూ వినలేదు. లెక్క చెబితే విన్నారు. మనిషికి రోజుకి 5 గ్రాముల లోపే అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ లెక్కన నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్టు, పచ్చళ్ళతో కలిపి, యాభై రోజులు రావాలి. "మా ఇంట్లో ఇరవై రోజులు కూడా రాదండీ" అని ఒకావిడ అంటే అందరూ తమ తమ లెక్కలు మొదలుపెట్టారు.

ఫిన్లాండ్‌లో ఉత్తర కరేలియా అనే ప్రాంతంలో 1972లో గుండెజబ్బుల మీద పని మొదలుపెట్టినప్పుడు కూడా డాక్టర్లు ఆసుపత్రికే పరిమితం కాలేదు. పాల డెయిరీలు, మాంసం సరుకు తయారుచేసేవాళ్ళు, ఆడవాళ్ళ సంఘాలు అందరినీ కలుపుకున్నారు. నడవమని చెప్పేది డాక్టరే, కానీ ఆ నడిచే రోడ్డు మున్సిపాలిటీది. మా కాలనీలో సాయంత్రం ఆడవాళ్ళు నడవకపోవడానికి కారణం బద్ధకం కాదు, చివరి వీధిలో వెలగని లైట్లూ, కుక్కలూ. సచివాలయంలో వార్డు సౌకర్యాలు చూసే ఎమినిటీస్ సెక్రటరీకి పుస్తకం చూపించి, ఈ ముప్పై మందినీ డాక్టరు నడవమన్నారని చెప్పాం. లైట్లు పడ్డాయి. కుక్కల సంగతి ఇంకా తేలలేదు.

ఈ దారిలో లోపాలు లేవా? ఉన్నాయి. ఒక నెల కేంద్రానికి బీపీ మాత్రలు సమయానికి రాలేదు. ఆ నెల ఖాళీ పోకూడదని అసోసియేషన్ డబ్బుతో జన ఔషధి దుకాణంలో కొన్నాం. షామియానాకి, టిఫిన్లకి, శాలువాలకి ఇదివరకు పెట్టిన ఖర్చుతో పోలిస్తే అది చాలా తక్కువ. ఏఎన్ఎం మీద సర్వేల బరువు ఎక్కువ, ఆమె బదిలీ అయితే మళ్ళీ మొదటి నుంచి పరిచయం చేసుకోవాలి. అన్నిటికంటే పెద్ద లోపం మగవాళ్ళు. పొదుపు సంఘానికి వాళ్ళు రారు. మిర్చి యార్డు హమాలీలు, ఆటో వాళ్ళు తెల్లారకముందే వెళ్ళిపోతారు, ఓపీ వేళకి ఊళ్ళో మరో మూల ఉంటారు.

అన్ని శాఖల వాళ్ళనీ పిలిచి సమన్వయ కమిటీ వేద్దామని కొందరంటారు. మేమూ ఒకసారి వేశాం. రెండో సమావేశానికి అధ్యక్షుడూ నేనూ మిగిలాం. టూకే రన్, ర్యాలీ లాంటివి పిల్లలకి సరదా, పెట్టుకోవచ్చు. ప్రైవేటు హెల్త్ ప్యాకేజీలు కొనగలిగినవాళ్ళకి ఎలాగూ దారి తెలుసు.

అసోసియేషన్ దగ్గర డబ్బు ఒక్కదానికే ఉంటే పుస్తకానికే పెట్టమంటాను. క్యాంపు పెట్టి తీరాలంటే పెట్టండి, కానీ ఆర్పీనీ, ఏఎన్ఎంనీ అదే హాల్లో రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చోబెట్టండి. బీపీ, షుగరు ఎక్కువగా ఉన్న ప్రతి పేరూ ఆ సాయంత్రానికి పుస్తకంలో ఎక్కాలి. వచ్చే ఆసుపత్రి వాళ్ళకి ఈ షరతు ముందే చెప్పండి, ఒప్పుకోకపోతే వేరేవాళ్ళని చూసుకోండి.

మా పిన్ని పేరు పుస్తకంలో మూడో పేజీలో ఉంది. వేలు దక్కింది. పోయిన నెల వరకు ఒక్క గడీ ఖాళీ లేదు. ఈ నెల మొత్తం పుస్తకంలో ఖాళీ గళ్ళు పదకొండు, వాటిలో ఏడు ఆటో వాళ్ళవే. శనివారం పొద్దున ఐదున్నరకి మెషీను తీసుకుని స్టాండు పక్కన టీ కొట్టు దగ్గరికే వెళుతున్నాం. ఏఎన్ఎం వస్తానన్నారు. టీ కొట్టాయన బల్ల ఇస్తానన్నాడు.