జలపాతం ఫొటోకి ఏది మేలు: సీపీఎల్లా, ఎన్‌డీనా, వేరియబుల్ ఎన్‌డీనా?

జలపాతాన్ని పాలధారలా తీయాలంటే ఎన్‌డీ ఫిల్టర్ (లెన్సు ముందు బిగించే, వెలుతురు తగ్గించే నల్ల గాజు) కొనాల్సిందే అనుకుంటారు చాలామంది. తలకోన లాంటి చెట్ల నీడ ఉన్న చోట సీపీఎల్ (సర్క్యులర్ పోలరైజర్ అనే ఫిల్టర్) ఒక్కటే ఆ పని చేసిపెడుతుంది. లెక్క చూడండి. మబ్బు పట్టిన పూట, నీడలో, ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్/11 (లెన్సు రంధ్రం సైజు) పెడితే షట్టర్ తెరిచి ఉండే సమయం 1/15 సెకను ప్రాంతంలో వస్తుంది. సీపీఎల్ ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది) వెలుతురు తినేస్తుంది కాబట్టి అది దాదాపు 1/4కి దిగుతుంది. నీటి ధారలు పోగులు పోగులుగా కనబడటానికి అంత చాలు. రెండు మూడు సెకన్లు దాటితే పోగులు పోయి తెల్లటి ముద్ద మిగులుతుంది.

సీపీఎల్ అసలు పని అది కూడా కాదు. తడి బండల మీద, ఆకుల మీద ఆకాశం మెరిసి రంగును కప్పేస్తుంది. ఫిల్టర్ ముందు రింగును మెల్లగా తిప్పుతుంటే ఆ మెరుపు పోయి, ఆకుల పచ్చదనం, మడుగు అడుగున ఉన్న రాళ్లు బయటపడతాయి. ఫొటో తీశాక ఎడిటింగ్‌లో దీన్ని రాబట్టలేం, అందుకే మొదట కొనాల్సింది ఇదే. కెమెరాను అడ్డం నుంచి నిలువుకు మార్చినప్పుడల్లా రింగును మళ్లీ తిప్పి చూసుకోవాలి. పాత 18–55 కిట్ లెన్సులు కొన్నిటిలో ఫోకస్ చేస్తే లెన్సు ముందు భాగమే తిరుగుతుంది. అలాంటివాటితో ముందు ఫోకస్, తర్వాతే ఫిల్టర్.

ఎండ పడుతున్న జలపాతం సంగతి వేరు. అక్కడ ఎఫ్/11 దగ్గర 1/200 వస్తుంది, సీపీఎల్‌తో 1/50కి మించి తగ్గదు. ఆరు స్టాపుల ఎన్‌డీ పెడితే 1/3 సెకను. పెట్టె మీద ఎన్‌డీ64 అని ఉన్నా, 1.8 అని ఉన్నా అది ఆరు స్టాపులే. ఎన్‌డీ8 మూడు స్టాపులు, ఎన్‌డీ1000 పది. పది స్టాపులది జలపాతానికి అతి. విశాఖ తీరంలో అలలను పొగమంచులా మార్చడానికి పనికొస్తుంది. దానితో డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) వ్యూఫైండర్‌లో దాదాపు ఏమీ కనబడదు. ఫిల్టర్ లేకుండా ఫోకస్ చేసి, ఫోకస్‌ను మాన్యువల్‌లోకి మార్చి, అప్పుడు బిగించాలి. డీఎస్‌ఎల్‌ఆర్ అయితే వెనక నుంచి వెలుతురు చొరబడకుండా వ్యూఫైండర్ మూయాలి. చౌక ఎన్‌డీలతో ఫొటో గోధుమ రంగుకో ఊదాకో తిరుగుతుంది. రా (RAW) ఫార్మాట్‌లో, అంటే కెమెరా ముడి ఫైలుగా తీస్తే కొంతవరకు సరిదిద్దవచ్చు.

మరి రింగు తిప్పితే నలుపు పెరిగి తగ్గుతూ, ఒక్కదానిలోనే అన్నీ ఇస్తానంటున్న వేరియబుల్ ఎన్‌డీ? ఫొటోలకు వద్దు. దానిలో ఉండేవి రెండు పోలరైజర్లు. చివరిదాకా తిప్పితే ఫొటోకి అడ్డంగా నల్లటి ఎక్స్ గుర్తు పడుతుంది, వైడ్ లెన్సుల్లో ఇంకా ముందే. పైగా తిప్పేది వెలుతురు తగ్గించడానికి కాబట్టి, బండల మీది మెరుపును మన ఇష్టానికి తీయలేం. వీడియోకి మాత్రం ఇదే హాయి: సెకనుకు 25 ఫ్రేముల దగ్గర షట్టర్ 1/50లోనే ఉంచి, ఎండ మారేకొద్దీ రింగు తిప్పుకుంటే సరిపోతుంది.

సీపీఎల్, ఎన్‌డీ రెండూ కలిపి వాడితే ఎన్‌డీ లోపల, సీపీఎల్ బయట ఉండాలి, లేకపోతే తిప్పడం కష్టం. అంతకుముందే యూవీ ఫిల్టర్ ఉంటే తీసేయండి. డిజిటల్ కెమెరాకి అది రక్షణ గాజే తప్ప ఇంకేం కాదు. 18 ఎంఎం కన్నా వైడ్‌లో రెండు ఫిల్టర్లు పేరిస్తే మూలలు నల్లబడే ప్రమాదం ఉంది. జలపాతం తుంపర్లు గాజు మీద పడితే ఫొటోలో మచ్చలవుతాయి, రెండు మూడు షాట్లకోసారి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి.

సైజు లెన్సు ముందు ø గుర్తు పక్కన ఉంటుంది. 58, 67, 77 ఎంఎం సైజు లెన్సులు మూడూ ఉంటే ఫిల్టర్ 77దే కొని, చిన్నవాటికి స్టెప్-అప్ రింగులు (పెద్ద ఫిల్టర్‌ను చిన్న లెన్సుకు పట్టించేవి) వేసుకోండి. లెన్సు హుడ్ మాత్రం పట్టదు. బిగుసుకుపోయిన ఫిల్టర్‌ను గట్టిగా నొక్కి తిప్పొద్దు, నొక్కితే రింగు వంగి ఇంకా పట్టేస్తుంది. అంచు చుట్టూ రబ్బరు బ్యాండు వేసి, వేళ్లన్నిటితో సమానంగా తిప్పితే వచ్చేస్తుంది.