బెంగళూరు టోర్నమెంట్‌కి వెళ్ళొచ్చాం: నా సైన్యానికి ఆవకాయ అభిషేకం, బావ జేబులో అరవై కార్డులు

ముందే చెప్పేస్తా, టోర్నమెంట్ సూపర్, బస్సు దరిద్రం, లాడ్జి ఆ బస్సుకి అక్క. మీలో ఎవరైనా మినియేచర్ల (ఆటకి వాడే చిన్న బొమ్మల) పెట్టె పట్టుకుని ఊరు దాటి ఆడటానికి వెళ్దామనుకుంటే ఇది చదివి వెళ్ళండి, నేనైతే ₹300 ఎదురిచ్చి మరీ నేర్చుకున్నా.

నేను ఆడేది వార్‌హామర్ 40,000. తెలియనివాళ్ళకి చెప్పాలంటే ప్లాస్టిక్ ముక్కలు కొనుక్కుని కత్తిరించి అతికించి రంగులేసి సైన్యం తయారుచేసుకోవాలి, తర్వాత 60 అంగుళాల పొడుగు 44 అంగుళాల వెడల్పు బల్ల మీద టేపుతో కొలుచుకుంటూ నడిపించి పాచికలేసి కొట్టుకోవాలి. 1987లో ఇంగ్లండ్‌లో మొదలైన ఆట. మా ఇంట్లో మాత్రం "ఆ బొమ్మలాట". కస్టమ్స్ వాళ్ళ లెక్క కూడా అదే, బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60 చేశారు, 2023లో 70 చేశారు, కాబట్టి ఒక్క బొమ్మ చెయ్యి ఊడినా నాకు ఇక్కడ కలుక్కుమంటుంది. నా సైన్యం నెక్రాన్లు, వెండి రంగు అస్థిపంజరం రోబోలు. ఎందుకు తీసుకున్నానంటే బద్ధకం, వెండి స్ప్రే కొట్టి పైన పల్చటి నల్ల రంగు (వాష్) పూసి కళ్ళకి పచ్చ చుక్క పెడితే అయిపోతుంది. ఇంకో సుగుణం ఏంటంటే వీళ్ళు చచ్చినా మళ్ళీ లేస్తారు, ఆ సంగతి తర్వాత చెప్తా.

నాతో వచ్చింది మా బావ, మేనమామ కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద. వాడు మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల యుద్ధం ఆడతాడు, అందులోనూ పాపర్ అనే రకం, అంటే డెక్ (ఆడే కార్డుల కట్ట) మొత్తం కామన్ కార్డులే ఉండాలి, అరుదైన ఖరీదైన కార్డులు పనికిరావు. మొత్తం డెక్ వాడికి పడింది ₹3,500. అది చొక్కా జేబులో పడుతుంది. నాది 2000 పాయింట్ల సైన్యం (ఒక్కో బొమ్మకి బలాన్ని బట్టి ఇన్ని పాయింట్లని లెక్క), ఫోమ్ ట్రేలతో కలిపి ఏడు కిలోల పెట్టె. కూకట్‌పల్లి పికప్ పాయింట్‌లో నేను ఆ పెట్టెని పసిపిల్లలా ఎత్తుకుని నిలబడితే వాడు జేబు తట్టుకుంటూ "నా సైన్యం రెడీ రా" అన్నాడు. అక్కడ మొదలైంది వాడి వెటకారం.

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర బస్సు, ఏసీ స్లీపర్, మనిషికి ₹1,350. ఏ ట్రావెల్సో పేరు చెప్పను. ఎక్కబోతుంటే క్లీనర్ పెట్టె చూసి లోపలికి కుదరదు డిక్కీలో వెయ్యమన్నాడు. అన్నా పగిలిపోయే సామాను, నా బెర్త్ మీదే కాళ్ళ దగ్గర పెట్టుకుంటా అన్నా. కుదరదు, రూలు. పైగా లగేజీ ఎక్స్‌ట్రా ₹300, రసీదు అడిగితే నవ్వాడు. మా వెనకాల ఒకాయన టీవీ డబ్బా పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు, ఆయనకి రూలు లేదు. బావ "ఇచ్చెయ్ రా, బస్సు కదలనీ" అన్నాడు, వాడికేం, జేబులో ఉంది కదా. నేనే స్వయంగా డిక్కీలోకి వంగి మూలగా, నిలువుగా, పైన ఏమీ పెట్టొద్దని చెప్పి ఎక్కా. కర్నూలు దగ్గర టీకి ఆపినప్పుడు దిగి చూద్దామంటే డిక్కీ తియ్యనన్నాడు.

పొద్దున ఏడింటికి హెబ్బాల్‌లో దిగి చూస్తే నా పెట్టె పడుకుని ఉంది. దాని మీద రెండు బియ్యం బస్తాలు. ఆ బస్తాల పక్కన ఎవరో కొడుక్కో కూతురుకో పంపిన పచ్చడి డబ్బా, మూత చుట్టూ టేపు వేశారు పాపం, అయినా కారింది. ఆవకాయ నూనె నా పెట్టె జిప్పులోంచి దిగి ఫోమ్ తాగేసింది. క్లీనర్‌ని అడిగితే "పార్సిల్ వాళ్ళని అడగండి" అని డోర్ వేసుకుని వెళ్ళిపోయాడు. రోడ్డు పక్కన పెట్టె తెరిచి చూసుకుంటే పద్నాలుగు మంది వారియర్లకి (మామూలు సైనికులకి) తుపాకులు ఊడినయ్, ఇద్దరికి నడుములు, డూమ్స్‌డే ఆర్క్ అని నా దగ్గరున్న పెద్ద ఫిరంగి ఓడ, దాని పక్కటెముకలు నాలుగు విరిగి, కింద నిలబెట్టే గాజులాంటి కాడ రెండు ముక్కలైంది. ఆ ఓడ ఒక్కటే అతికించి రంగులేయడానికి మూడు ఆదివారాలు పట్టింది నాకు. బావ ఏమీ అనలేదు. వాడు ఏమీ అనకపోవడం అంటే వాడికి కూడా బాధేసిందని అర్థం.

టోర్నమెంట్ పదింటికి. ఆటోకి ₹280 ఇచ్చి దొమ్మలూరు దగ్గర యాప్‌లో బుక్ చేసిన లాడ్జికి వెళ్ళాం, రూమ్‌లో బల్ల ఉంటుంది కదా అతికించుకుందామని. యాప్‌లో ₹1,899 కట్టేశా. కౌంటర్‌లో వాడు చెక్ ఇన్ పన్నెండుకి, ఇప్పుడు కావాలంటే ₹600 అన్నాడు. పోనీ ఇచ్చాం. రూమ్‌కి కిటికీ ఉంది కానీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ, చెయ్యి చాపితే తగులుతుంది. ఫోటోలో ఉన్న బల్ల లేదు. బల్ల ఏదండీ అంటే అది డీలక్స్ రూమ్ ఫోటో అట. వేడినీళ్ళు ఎనిమిది దాకానే, అప్పటికి టైం ఎనిమిదీ ఐదు.

ఇప్పుడు నాకు కన్నీళ్ళొచ్చే ఆనందం సంగతి. లాడ్జి పక్కన ఒక చిన్న అయ్యంగార్ బేకరీ, బయట నిలబడి తాగడానికి స్టీలు బల్ల వేసి ఉంది. అక్కడ కాఫీ తాగుతూ పెట్టె తెరిచి ఒక్కొక్కటీ తీసి టిష్యూతో తుడుస్తుంటే బేకరీ పెద్దాయన వచ్చి చూశాడు. నాకు కన్నడ "స్వల్ప" వరకే వచ్చు, ఆయనకి తెలుగు బాగానే వచ్చు. ఇంత వయసొచ్చి ఇవేంటి అని అడగలేదు. గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి తెచ్చిచ్చాడు, కుర్రాణ్ణి పంపి నాలుగు ఫెవిక్విక్‌లు తెప్పించాడు. వార్నిష్ కొట్టి ఉంచా కాబట్టి రంగు పోలేదు, నూనె చాలావరకు పోయింది. (వార్నిష్ కొట్టకుండా ఏ బొమ్మనీ బయటికి తియ్యకండి, ఇది దండం పెట్టి చెప్తున్నా.) బావ చేతులు సన్నం, ట్వీజర్లతో తుపాకులు పట్టుకుంటే నేను చుక్క వేసి ఇరవై లెక్కపెట్టడం. ఆర్క్ కాడకి మాత్రం ఏం చెయ్యాలో తెలియలేదు, పెద్దాయన బిల్లు రాసుకునే పెన్నులోంచి రీఫిల్ లాగేసి ఆ ట్రాన్స్‌పరెంట్ గొట్టం కోసి ఇచ్చాడు. గంటన్నరలో నిలబడింది సైన్యం. నాలుగు కాఫీలు, రెండు ఖారా బన్, ఒక దిల్ పసంద్, ఫెవిక్విక్‌లతో కలిపి ₹170 తీసుకున్నాడు. పెన్నుకి డబ్బులిస్తే తీసుకోలేదు.

టోర్నమెంట్ ఇందిరానగర్ వైపు ఒక బోర్డ్ గేమ్ కెఫేలో, మేడ మీద హాలు. వార్‌హామర్‌కి పన్నెండు మందిమి, ఎంట్రీ లంచ్‌తో ₹1,200, మూడు రౌండ్లు. కింద హాల్లో పాపర్, ఎంట్రీ ₹500, నాలుగు రౌండ్లు. బల్లలు బాగున్నాయి, శిథిలాలు గోడలు అన్నీ రంగులేసి ఉన్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బాత్రూమ్ శుభ్రం. హైదరాబాద్‌లో నేను ఆడిన చోట్ల కంటే మేలు, ఒప్పుకోవాలి. లంచ్ మాత్రం చప్పటి పులావు.

మొదటి ఆట స్పేస్ మెరైన్ల (కవచాలు తొడిగిన మనుషుల సైన్యం) మీద, 52-88, చితక్కొట్టాడు, చెప్పుకోడానికేం లేదు.

రెండో ఆట ఓర్కుల (పచ్చ రాక్షసుల్లాంటి సైన్యం) మీద. ఎదుట ఒక కుర్రాడు, ఇంజినీరింగ్ ఫైనలియర్, నేను పెట్టె తెరవగానే ముక్కు ఎగబీల్చి "అన్నా ఆవకాయా?" అన్నాడు. నెల్లూరు. ఇంక మాటలే మాటలు, ఆర్గనైజర్ వచ్చి ఆట మొదలుపెట్టండి బాబూ అనేదాకా. వాడు నా బొమ్మల బేస్‌ల మీద మిగిలిన ఎర్ర మరకలు చూసి ఈ తుప్పు ఎఫెక్ట్ ఏ కంపెనీ పెయింట్ అన్నా అని సీరియస్‌గా అడిగాడు, నేను కూడా సీరియస్‌గా మా అమ్మ వాడే కంపెనీ అన్నా. ఆటలో మధ్య ఆబ్జెక్టివ్ (పట్టుకుని ఉంటే పాయింట్లొచ్చే చోటు) మీద నా ఇరవై మంది వారియర్లని పెట్టా, వాడి పచ్చ మూక వచ్చి ఒకే టర్న్‌లో పదహారు మందిని తీసేసింది. వాడు అయిపోయిందనుకున్నాడు. నెక్రాన్ల గొప్ప ఇక్కడే, నా వంతు మొదట్లో వచ్చే కమాండ్ ఫేజ్ చివర పాచిక వేస్తే ఒకటి నుంచి మూడు దాకా ఎంతొస్తే అంతమంది లేచి నిలబడతారు. మూడు పడింది. మళ్ళీ తర్వాతి టర్న్‌లో ఇంకో ముగ్గురు. పొద్దున ఫెవిక్విక్‌తో లేచినవాళ్ళు మధ్యాహ్నం రూల్ ప్రకారం లేచారు. ఆ ఆబ్జెక్టివ్ వదల్లేదు, 74-69 గెలిచా. అందులో పది పాయింట్లు సైన్యం మొత్తం రంగులేసి ఉన్నందుకు ఇచ్చేవి, కుర్రాడి ఓర్కులు సగం బూడిద రంగు ప్లాస్టిక్‌గానే ఉన్నాయి కాబట్టి వాడికి ఆ పది రాలేదు. లెక్క మీరే వేసుకోండి. వాడు మాత్రం ఏమీ అనుకోలేదు, ఊడిపోయిన తుపాకీ ఒకటి కింద పడితే బల్ల కిందకి దూరి వెతికిచ్చాడు.

మూడో ఆట కస్టోడీస్ (బంగారు కవచాల అంగరక్షకుల సైన్యం) మీద, ఎదుట ఒక నడివయసాయన, చాలా మర్యాద, చాలా రూల్. నా ఫిరంగి ఓడ చూసి ఎత్తు తేడాగా ఉంది అన్నారు. ఈ ఆటలో బొమ్మ కళ్ళ నుంచి చూస్తే ఎదుటి బొమ్మ నిజంగా కనపడుతుందా లేదా అన్నది లెక్క, అంటే గోడ మీద నుంచి కాల్చాలంటే అర అంగుళం కూడా లెక్కే. పెన్ను గొట్టం అసలు కాడ కంటే కొంచెం పొడుగు. ఆర్గనైజర్ వచ్చి విరిగిన ముక్కలు పక్కపక్కన పెట్టి కొలిచి, గోడల మీద నుంచి చూపు లెక్కలో సందేహం వస్తే కాల్చకూడదు అని తీర్పిచ్చాడు. న్యాయమే. నన్ను ముంచింది అది కాదు, గడియారం. ఒక్కొక్కరికి 75 నిమిషాలు, చెస్ క్లాక్. ఎప్పుడూ వారియర్లని గుప్పెట్లో పట్టి జరిపేవాణ్ణి, ఆ రోజు అతుకులు ఊడతాయని ఒక్కొక్కణ్ణీ రెండు వేళ్ళతో పట్టి పెడుతున్నా. నాలుగో టర్న్ మధ్యలో నా టైం అయిపోయింది, ఆయన మిగతాది ఒక్కరే ఆడుకున్నారు, ఆరు పాయింట్లతో ఓడిపోయా. ఆ ఆరు పాయింట్లూ ఆ బస్సు ఖాతాలో రాసుకున్నా. పన్నెండు మందిలో ఎనిమిదో స్థానం.

బావ నాలుగులో మూడు గెలిచి సెకండ్ వచ్చాడు. ఎర్ర డెక్, ఒక్క మానాతో (కార్డు వెయ్యడానికి అయ్యే ఖర్చు) మూడు డ్యామేజ్ కొట్టే లైట్నింగ్ బోల్ట్‌లు నాలుగు, మిగతావి కూడా అదే కులం, ఎదుటివాడు కుర్చీ సర్దుకునేలోపు వాడి 20 లైఫ్ కరిగించడం. ప్రైజుగా రెండు బూస్టర్ ప్యాకులు (లోపల ఏ కార్డులుంటాయో తెలియని కవర్లు) ఇచ్చారు, చింపితే పనికొచ్చేది ఒక్కటీ లేదు, అయినా ఆ రాత్రి రెసిడెన్సీ రోడ్‌లో ఆంధ్రా భోజనం తింటూ కందిపొడి నెయ్యి కలుపుకుంటూ ఆట అంటే ఇలా జేబులో పట్టాలి రా అని నాకు క్లాసు. ఇద్దరికీ కలిపి ₹940 అయింది, గెలిచినవాడే కట్టాలని కట్టించా.

రాత్రి రెండింటికి దేవుడున్నాడని తెలిసింది. లాడ్జిలో ఏసీ కారడం మొదలైంది, సరిగ్గా కింద కుర్చీ మీద బావ డెక్ బాక్స్. వాడు లుంగీ పట్టుకుని ఎగిరి దూకాడు. కార్డులకి స్లీవులు (ప్లాస్టిక్ తొడుగులు) వేసి ఉన్నాయి కాబట్టి బతికిపోయాయి కానీ అరవై కార్డులూ స్లీవుల్లోంచి తీసి మంచం మీద పరిచి ఆరబెట్టి, ఇద్దరం గోడకి ఆనుకుని కూర్చున్నాం. కౌంటర్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు, కిందికి వెళ్తే కుర్రాడు బకెట్ ఇచ్చాడు. పొద్దున చెక్ అవుట్‌లో "ఎక్స్‌ట్రా బెడ్‌షీట్ ₹100" అని రాశాడు బిల్లులో, కార్డుల కింద పరిచింది. అది మాత్రం ఇవ్వలేదు, బావ కన్నడ తమిళం తెలుగు కలిపి ఒక భాషలో అరిచాడు, వదిలేశారు.

ఆదివారం మల్లేశ్వరంలో సీటీఆర్ హోటల్ బెణ్ణె మసాలా దోశ, నలభై నిమిషాలు నిలబడ్డాం, వెన్న వేళ్ళకి అంటుకుంటుంది, నిలబడొచ్చు. అక్కణ్ణుంచి యశ్వంతపూర్ దగ్గరే, మధ్యాహ్నం వందేభారత్‌లో కాచిగూడ, భోజనంతో కలిపి ₹1,540. పెట్టె తల మీద ర్యాక్‌లో పడుకుంది, ఎవడూ ఏమీ అడగలేదు. బస్సు కంటే ₹190 ఎక్కువ, క్లీనర్‌కిచ్చిన ₹300తో పోలిస్తే తక్కువే. వెళ్ళేటప్పుడైతే కాచిగూడలో తెల్లవారుజామునే బయల్దేరుతుంది, యశ్వంతపూర్ చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది, కాబట్టి శనివారం ఆటుంటే ముందే వెళ్ళాలి, సెలవు పోతుంది. పోనివ్వండి. స్టేషన్ నుంచి ఇంటికి ఆటో ₹450 అడిగాడు, అర్ధరాత్రి బేరం ఆడే ఓపిక లేక ఎక్కేశాం.

ట్రావెల్స్ వాళ్ళకి ఫోటోలతో మెయిల్ పెట్టా. మూడు రోజులకి జవాబొచ్చింది, చింతిస్తున్నాం, తర్వాతి ప్రయాణానికి ₹100 కూపన్ అని. ఫోమ్ ట్రేలు రెండుసార్లు ఉతికా, వాసన పోలేదు, మేడ మీద ఎండలో పెట్టి ఉంచా. కిందింటి పిన్నిగారు ఇప్పటికి రెండుసార్లు అడిగారు, ఏం పచ్చడి పెట్టారమ్మా సీజన్ కాని సీజన్‌లో అని.