హిరణ్యకశిపుడి కోసం బరంపురం వెళ్తే

తెల్లవార్లూ పాటలతో సాగే ప్రహ్లాద నాటకం చూడ్డానికి ఒడిశాలోని గంజాం జిల్లా వెళ్ళేవాళ్ళకు ముందే ఒక మాట. గోపాలపూర్‌లో గది తీసుకోకండి. నేను తీసుకున్నాను. సముద్రం కనిపించే గది, రోజుకు 2,800 రూపాయలు. అందులో నేను పడుకున్నది మొత్తం మూడు గంటలు. అదీ పగటిపూట, కిటికీ తెర వేసుకుని.

పలాసలో మధ్యాహ్నం బండి ఎక్కితే గంటన్నర అటూ ఇటూగా బరంపురం. ఇచ్ఛాపురం దాటాక స్టేషన్ బోర్డుల మీద లిపి మారుతుంది గానీ బోగీలో మాటలు మారవు. పల్లీలమ్మే అబ్బాయి కూడా నా మొహం చూసి తెలుగులోనే ధర చెప్పాడు. స్టేషన్‌లో మా బావ ఎదురొచ్చాడు. మా మేనత్త కొడుకు, అక్కడే పట్టుచీరల కొట్టులో లెక్కలు రాస్తాడు. నాకు ఇటలీ, జర్మనీ ఒపెరాలు, అంటే మొత్తం పాటలతోనే నడిచే నాటకాలు, వినే పిచ్చి ఉందని మా ఇళ్ళల్లో అందరికీ తెలుసు. బావకు అది పెద్ద జోకు.

"అరుపులు వినడానికి అంత దూరం దేనికిరా? దిగపహండి దాకా రా, చాలు" అని ఫోన్‌లో వారం రోజులు పోరుపెట్టాడు. అలా బయల్దేరాను.

ఆటోవాడు ఎక్కడికని అడిగితే బావ "నాటకానికి" అన్నాడు. "ఒపెరాకా?" అన్నాడు వాడు. నేను ఉలిక్కిపడ్డాను. తీరా కనుక్కుంటే ఊరూరా తిరిగి నాటకాలాడే జాత్రా కంపెనీ సంగతి. కలకత్తా జాత్రా కంపెనీలు పేరు చివర ఒపెరా అని తగిలించుకోవడం పాత అలవాటు. ఆ మాట ఇటువైపు కూడా పాకింది. ఒపెరాకు పేరుపడ్డ ఇటలీ ఊరు మిలాన్‌లో టిక్కెట్టు దొరక్క ఏడ్చేవాళ్ళు ఇది వింటే ఏమంటారో.

మొదటి రాత్రి బస పాత బస్టాండు దగ్గర లాడ్జిలో. ఏసీ లేని గది 700. బకెట్టుకు పిడి లేదు, వేణ్ణీళ్ళు పొద్దున్న ఎనిమిది దాకానే, గోడకున్న ట్యూబులైటు తనకిష్టమైనప్పుడు వెలుగుతుంది. కానీ ఒక్క గుణానికి ఆ లాడ్జికి నేను నూటికి తొంభై వేస్తాను. అక్కడ లెక్క 24 గంటలది. సాయంత్రం ఆరుకు దిగితే మర్నాడు సాయంత్రం ఆరు దాకా గది మనదే. తెల్లవార్లూ నాటకం చూసి వచ్చేవాడికి ఇంతకంటే కావాల్సిందేముంది? గోపాలపూర్ హోటల్లో పొద్దున్న పదికల్లా ఖాళీ చెయ్యాలి. ఈ తేడా నాకు తర్వాత, బిల్లు చూశాక అర్థమైంది.

లాడ్జి కింద టిఫిన్ బండి దగ్గర ఉప్మా మీద ఘుగుని పోసి ఇస్తారు. ఎండు బఠాణీ కూర అన్నమాట. ఉప్మా అంటే మొహం తిప్పుకునే మా ఇంట్లోవాళ్ళకు అది పెట్టాలి. రెండు ప్లేట్లు తిన్నాను. పచ్చళ్ళకీ అప్పడాలకీ ఈ ఊరికి పేరుంది గానీ నేను అప్పడాలు మాత్రమే కొన్నాను. పచ్చడి సీసా రైల్లో కారితే ఎలా ఉంటుందో నాకు అనుభవమే.

ఇక అసలు విషయం. ప్రహ్లాద నాటకం అంటే మాటలు తక్కువ, పాటలు ఎక్కువ. కథ మనకు పోతన చిన్నప్పుడే నేర్పేశాడు, కాబట్టి ఒడియా రాకపోయినా కష్టం లేదు. పాట కొత్తదే, రాగం మాత్రం మన చెవికి పరిచయమే, మధ్యలో తెలుగు ముక్కలూ సంస్కృతమూ తగులుతుంటాయి. 19వ శతాబ్దం రెండో సగంలో జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ రాశాడని చెబుతారు. ఆ జలంతరకోట ఇప్పుడు మన శ్రీకాకుళం జిల్లాలో, కంచిలి దగ్గర. అంటే నేను రైల్లో దాని పక్కనుంచే వచ్చి, దాని నాటకం చూడ్డానికి సరిహద్దు దాటానన్నమాట.

"రాజుగారు రాశాడా, ఆస్థానంలో ఉన్న పండితుడు రాసిపెట్టాడా అని ఇప్పటికీ గుసగుసలే" అన్నాడు బావ.

"డబ్బున్నవాడి పేరు పైన పడటం ఎక్కడైనా ఉన్నదే బావా" అన్నాను.

ఊరు దిగపహండి వైపు, రోడ్డు మీద దిగి ఓ కిలోమీటరు లోపలికి. బడి ముందు మైదానంలో మెట్లు మెట్లుగా కట్టి పైన సింహాసనం పెట్టారు. హిరణ్యకశిపుడు అక్కడ కూర్చుంటాడు, కోపం వచ్చినప్పుడల్లా ఆ మెట్లు దిగి ఎగిరి మళ్ళీ ఎక్కుతాడు. తెల్లారేలోపు ఆ మనిషి ఎన్నిసార్లు ఎక్కిదిగాడో లెక్క వదిలేశాను. కింద మద్దెల, తాళాలు, హార్మోనియం. వాటి ముందు గాహకుడు నిలబడి అంతా నడిపిస్తాడు. మన భాగవత మేళాల్లో సూత్రధారుడి లాంటివాడు. అయితే మనవాడికంటే ఇతనికి పని ఎక్కువ, విశ్రాంతి సున్నా.

ఆ రాత్రి ఒకటి కాదు, రెండు బృందాలు. ఎదురెదురుగా రెండు సింహాసనాలు. ఈ పోటీని 'బాదీ' అంటారు. ఒకరు పాడుతుంటే రెండోవాళ్ళ మనుషులు చెవులు రిక్కించి తప్పులు వెతుకుతుంటారు. బావ నన్ను మేకప్ చేసుకునే చోటికి తీసుకెళ్ళాడు. బళ్ళో మూడో తరగతి గది అది. గోడ మీద ఎక్కాల చార్టు. దాని కింద బల్ల మీద కూర్చుని హిరణ్యకశిపుడు కనుబొమ్మలు దిద్దుకుంటున్నాడు. కిరీటం వెనక తాడు తెగితే పిన్నీసు పెట్టి బిగిస్తున్నాడు ఒక కుర్రాడు. అక్కడ విన్నది ఏమిటంటే, ఎదుటి బృందం హిరణ్యకశిపుడు మూడేళ్ళ కిందట ఈ బృందంలోవాడే. అడ్వాన్సు ఎక్కువిచ్చి లాక్కుపోయారట. వెళ్తూ వెళ్తూ గాజుపూసల హారం కూడా పట్టుకుపోయాడని వీళ్ళ ఫిర్యాదు.

నాకు 1727 లండన్ గుర్తొచ్చింది. ఒపెరాలకు సంగీతం కట్టే హాండెల్ పాటలు పాడే ఇద్దరు ఇటలీ గాయనులు, ఫ్రాన్సెస్కా కుజ్జోనీ, ఫాస్తినా బోర్దోనీ. ఆ జూన్‌లో ఒక రాత్రి ఇద్దరూ ఒకే వేదిక మీద పాడుతుంటే హాల్లో రెండు పక్షాలవాళ్ళు ఈలలు, కూతలతో రభస చేశారు. రాకుమారి కెరొలీన్ హాల్లోనే ఉంది. గాయనులే జుట్లు పట్టుకున్నారని కరపత్రాల వాళ్ళు రాసుకున్నారు గానీ గొడవ అసలు అభిమానులది. అంతకుముందు ఇదే కుజ్జోనీ ఒక పాట పాడనంటే హాండెల్ ఆమెను కిటికీలోంచి కింద పడేస్తానన్నాడని కూడా చెప్పుకుంటారు. ఇదంతా బావకు చెప్పాను.

"హారం ఎవరు పట్టుకుపోయారు?" అన్నాడు.

"హారం సంగతి లేదు బావా."

"మరింకేం గొడవరా అది!"

రాత్రి పన్నెండున్నర ప్రాంతంలో మా వైపు మైకు చచ్చిపోయింది. జనరేటర్ బాగానే ఉంది, యాంప్లిఫయర్ మాత్రం పలకలేదు. హిరణ్యకశిపుడు సరిగ్గా పాట ఎత్తుకునే చోట. ఎదుటివాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. మనవాడు గాహకుడి వైపు చూశాడు. గాహకుడు మద్దెలను తగ్గించమని చెయ్యి ఆడించి, తాళాలు మాత్రం నెమ్మదిగా వేశాడు. అప్పుడు పాడాడండీ ఆ మనిషి. కడుపులోంచి, దవడ పూర్తిగా తెరిచి, మైదానం చివర జీడిమామిడి చెట్టు కింద బీడీ తాగుతున్నవాళ్ళు లేచి నిలబడేలా. ఒపెరాలో వాద్యబృందం మొత్తం మోగుతుంటే దాని మీదుగా మైకు లేకుండా గొంతు విసురుతారు. అది ఎలా సాధ్యమో హెడ్‌ఫోన్స్‌లో నాకెప్పుడూ అర్థం కాలేదు. అక్కడ బడి మైదానంలో అర్థమైంది.

మా వెనక ఇచ్ఛాపురం నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన "వన్స్ మోర్!" అని కేకేశాడు. పద్యనాటకాల తరం మనిషి, ఆయనకు ఆగదు. మిలాన్‌లోని లా స్కాలా అనే ఒపెరా హాల్లో ఆ కేకకు ఎన్నో దశాబ్దాలు విలువ లేదు. పాట మళ్ళీ పాడించడం అక్కడ కట్టేశారు. 2007 ఫిబ్రవరిలో హువాన్ దియెగో ఫ్లోరెస్ అనే పెరూ గాయకుడు తొమ్మిది తారస్థాయి స్వరాలున్న పాట పాడి, చప్పట్లు ఆగకపోతే మళ్ళీ పాడేశాడు. ఒక్క గాయకుడు పాడే పాటను అలా మళ్ళీ పాడటం 1933 తర్వాత అక్కడ అదే మొదటిసారి. అంతకు రెండు నెలల ముందే, 2006 డిసెంబరులో, అదే వేదిక మీద రొబెర్తో అలాన్యా అనే గాయకుడు తన మొదటి పాటకు జనం హేళన చేస్తే నాటకం మధ్యలోనే వెళ్ళిపోయాడు. బదులు గాయకుడు వేషం వేసుకునే టైము కూడా లేక మామూలు ప్యాంటు చొక్కాతో వచ్చి ఈజిప్టు సేనాపతిగా పాడాడు.

మన హిరణ్యకశిపుడు మళ్ళీ పాడాడు. అప్పుడొచ్చింది అసలు చిక్కు. పాట మెచ్చి ఊరిపెద్ద ఒకాయన 501 రూపాయలు చదివించబోయాడు. పేరు చదవాలంటే మైకు లేదు. నోటితో చెబుతామన్నారు. ఎదుటి బృందం మైకులో వాళ్ళ దాతల పేర్లు నాలుగూళ్ళకు వినబడేలా మోగుతున్నాయి. ఆయన నోటు మడిచి జేబులో పెట్టుకుని "మైకు వచ్చాక చూద్దాం" అని కూర్చున్నాడు. మైకు మూడింటికి బాగైంది. ఆయన నిద్రపోతున్నాడు. లేపాలా వద్దా అని బృందంవాళ్ళు పావుగంట చర్చించుకున్నారు.

ఇక్కడ సౌకర్యాల గురించి ఒక ముక్క. ఆడవాళ్ళతో వెళ్తే ముందే బడి బాత్రూము తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. కింద పరుచుకోవడానికి దుప్పటి తీసుకెళ్ళండి, గోనెసంచులు దొరుకుతాయి గానీ గుచ్చుకుంటాయి. టీ బాగుంది. పకోడీ రెండింటి తర్వాత తినకండి.

తెల్లవారుజామున నరసింహుడు వచ్చాడు. ఆ ముఖం మామూలు రోజుల్లో పూజలో ఉంటుంది. వేసుకునేవాడు ఉపవాసం ఉంటాడు. స్తంభం చీలి అతను బయటికి వచ్చాక నలుగురు పట్టుకున్నా ఆగలేదు, వాళ్ళను ఈడ్చుకుంటూ సింహాసనం మీదికి వెళ్ళాడు. అప్పటిదాకా నాతోపాటు అందరి మీదా జోకులేసిన బావ చెప్పులు విప్పి పక్కన పెట్టి నిలబడ్డాడు. నేనూ విప్పాను. ఎదుటి బృందంవాళ్ళు కూడా పాట ఆపేశారు.

వెలుగు వచ్చాక రోడ్డు మీద ఆటో కోసం నిలబడితే పక్కన లుంగీలో ఒక బక్కపలచని మనిషి, చేతిలో ప్లాస్టిక్ సంచి. మొహం కడుక్కున్నా చెవుల వెనక రంగు ఉండిపోయింది. సంచిలోంచి కిరీటం అంచు కనబడుతోంది. బస్టాండు దాకా మాతోనే వస్తానన్నాడు. ఆటోవాడు అతన్నీ సంచినీ చూసి ఒడియాలో ఏదో అన్నాడు. ఇద్దరూ వాదించుకున్నారు.

"ఏటంటున్నాడు బావా?"

"కిరీటం వంగిపోకుండా సీటు మీద పెట్టాలంటున్నాడు ఈయన. అయితే దానికీ టిక్కెట్టు కట్టమంటున్నాడు వాడు."

ఇరవై రూపాయలు బావే ఇచ్చాడు. కిరీటం మా ఇద్దరి మధ్య కూర్చుంది.