విండోస్ 11కి మారి ఏడాదిన్నర: శుభలేఖలు టైప్ చేసే ఇంటి కంప్యూటర్ అనుభవం

విండోస్ 11కి మారాలా వద్దా అని ఎవరైనా అడిగితే నేను ప్రాసెసర్ సంగతి తర్వాత అడుగుతాను. ఆ కంప్యూటర్‌లో ఏ పాత సాఫ్ట్‌వేర్ నడుస్తోంది, దానికి తగిలించిన ప్రింటరు, స్కానరు ఎప్పటివి అన్నది ముందు తెలియాలి. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి సిస్టమ్ మారి ఏడాదిన్నర దాటింది. పడ్డ ఇబ్బందులన్నీ ఆ పాత సామాను దగ్గరే వచ్చాయి.

నేను ఇంట్లోనే డీటీపీ చేస్తాను. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, ట్యూషన్ సెంటర్ల ప్రశ్నపత్రాలు. మావారు ఆ కంప్యూటర్‌లోనే ట్యాలీ లెక్కలు చూసుకుంటారు. ఇంటర్ చదివే మా అబ్బాయిది మిగతా టైమంతా. ఒక్కరోజు ఆగిపోతే ముగ్గురికీ టెన్షనే.

ముందు తేదీల సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దానర్థం కంప్యూటర్ ఆగిపోతుందని కాదు, ఉచితంగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగాయని. ఇళ్లలో వాడేవాళ్లు 2026 అక్టోబర్ 13 వరకు వాటిని పొడిగించుకోవచ్చు. విండోస్ 10 చివరి వెర్షన్ అయిన 22హెచ్2లో ఉండి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే పైసా కట్టక్కర్లేదు. బ్యాకప్ ఇష్టం లేకపోతే 30 డాలర్లు. కాబట్టి షాపులో "10 ఇంక పనికిరాదక్కా, కొత్తది తీసుకోండి" అన్నంతమాత్రాన కొత్త సీపీయూ కొనేయకండి.

మా డెస్క్‌టాప్ 2018లో అరండల్‌పేటలో అసెంబుల్ చేయించింది. ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే విండోస్ 11కి అధికారికంగా అర్హత కనుక అంచు మీద గట్టెక్కింది. అయినా అర్హత ఉందో లేదో చూసే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాం పీసీ హెల్త్ చెక్ పెట్టి చూస్తే పనికిరాదని చూపించింది. చాలామంది ఇక్కడే ఆశ వదిలేసుకుంటారు. టీపీఎం 2.0 (భద్రతా తాళాలు దాచే చిప్) లేదన్నది అది చెప్పే మొదటి కారణం. మా తరం ఇంటెల్ సిస్టమ్‌లలో దానికోసం విడిగా చిప్ కొనే పని లేదు. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాంలో) పీటీటీ అనే పేరుతో ఆపేసి ఉంటుంది, ఆన్ చేయాలంతే. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ వాళ్లకి ఎఫ్‌టీపీఎం అని కనిపిస్తుంది.

అసలు చిక్కు రెండో కారణంతో. మాకు విండోస్ వేసినతను పాత బయోస్ పద్ధతిలో, ఎంబీఆర్ అనే పాత లెక్కన భాగాలు చేసిన డిస్క్ మీద వేశాడు. విండోస్ 11 అడిగేది బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ, నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే సెక్యూర్ బూట్. డిస్క్ అలాగే ఉంచి బయోస్‌లో మాత్రం మార్చేస్తే విండోస్ అసలు లేవదు. ముందు డిస్క్‌ని జీపీటీ అనే కొత్త లెక్కకి మార్చాలి. దీనికి ఫార్మాట్ తప్పదని చెప్పేవాళ్లున్నారు, నమ్మకండి. విండోస్ 10లోనే ఎంబీఆర్2జీపీటీ అనే కమాండ్ ఉంది, డేటా పోకుండా మారుస్తుంది. కానీ దానికీ షరతులున్నాయి. మూడుకి మించి ప్రైమరీ పార్టిషన్లు ఉన్నా, లాజికల్ డ్రైవ్‌లు ఉన్నా ఒప్పుకోదు. హార్డ్‌డిస్క్ కొన్న రోజే సి, డి, ఇ, ఎఫ్ అని ముక్కలు చేయించే మన అలవాటుకి ఇది సరిగ్గా అడ్డం వస్తుంది. మేం ఎలాగూ ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కన్నా వేగంగా పనిచేసే డిస్క్) కొన్నాం కనుక సి డ్రైవ్‌ని మాత్రం అందులోకి ఉన్నదున్నట్టు క్లోన్ చేసి దాన్నే జీపీటీ చేశాం. మిగతా డ్రైవ్‌లు పాత హార్డ్‌డిస్క్‌లో ఎంబీఆర్‌గానే ఉన్నాయి. బూట్ అయ్యే డిస్క్ కాదు కనుక వాటితో గొడవ లేదు.

మార్చింది 2024 ఆషాఢంలో. ముహూర్తాలు ఉండవు, శుభలేఖల పనీ ఉండదు. సిస్టమ్ మీద చెయ్యి వేయాలంటే నాకు అంతకన్నా మంచి కాలం లేదు. ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లో దాచుకుని మొదలుపెడితే ఒక మధ్యాహ్నంలో అయిపోయింది. నచ్చకపోతే విండోస్ 10కి వెనక్కి వెళ్లే వీలు పది రోజులే ఉంటుంది. అందుకే ఆ పది రోజుల్లోనే ట్యాలీ, ప్రింటింగు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అన్నీ ఒకసారి పూర్తిగా నడిపించి చూశాం.

పేజ్‌మేకర్ అంటే నవ్వేవాళ్లున్నారని తెలుసు. వెర్షన్ 7 వచ్చింది 2001లో. కానీ పాత కస్టమర్ల ఫైళ్లన్నీ అందులో, అను అనే తెలుగు సాఫ్ట్‌వేర్ ఫాంట్లలో ఉన్నాయి. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు, వేరేచోట తెరిస్తే పిచ్చి అక్షరాలే. విండోస్ 11 కేవలం 64 బిట్‌లోనే వస్తుంది గానీ ఇలాంటి 32 బిట్ ప్రోగ్రాములను నడుపుతుంది. మా దగ్గర నడుస్తోంది. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. పేజ్‌మేకర్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి తెలుగు టైప్ చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్‌ని మామూలుగా తెరిస్తే ఎన్ని కీలు నొక్కినా తెలుగు పడదు. ఎక్కువ హక్కులతో నడిచే ప్రోగ్రాం జోలికి తక్కువ హక్కులున్నది రాకుండా విండోస్ అడ్డుకుంటుంది. ఇది విస్టా నాటి నియమమే. రెండింటినీ ఒకే రకంగా తెరిస్తే సరిపోతుంది. ఫాంట్లు పాడయ్యాయని సిస్టమ్ మొత్తం ఫార్మాట్ చేయించినవాళ్లు నాకు తెలుసు, పాపం.

టీచర్లు పంపే పాత వర్డ్ ఫైళ్లది వేరే కథ. వాటిలో గౌతమి ఫాంట్ ఉంటుంది. ఎక్స్‌పీలో అది విండోస్‌తోపాటే వచ్చేది. ఇప్పుడు తెలుగుకి నిర్మల యూఐ ఉంది. గౌతమి, వాణి కావాలంటే ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని వెతికి వేసుకోవాలి. అవి లేకపోతే అక్షరాలు కనిపిస్తాయి గానీ లైన్లు జరిగి, నాలుగు పేజీల ప్రశ్నపత్రం ఐదో పేజీలోకి పాకుతుంది. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు మాత్రం విండోస్ 10కి 2019లోనే వచ్చింది. దానికోసం 11కి మారక్కర్లేదు. మావారు దానితోనే టైప్ చేస్తారు. నా వేళ్లకి అనులోని యాపిల్ లేఅవుట్ తప్ప ఇంకోటి రాదు.

వేగం? ఎస్ఎస్‌డీ వల్ల వచ్చిన తేడా చాలా పెద్దది, విండోస్ 11 వల్ల వచ్చిన తేడా నాకైతే కనబడలేదు. పైగా 8 జీబీతో కోరల్‌డ్రా, క్రోమ్ కలిపి తెరిస్తే ఉక్కిరిబిక్కిరయ్యేది. ఇంకో 8 జీబీ వేయించాక కుదుటపడింది. మైక్రోసాఫ్ట్ చెప్పే కనీసం 4 జీబీ అన్నది కాగితం మీద మాటే. ర్యామ్ ధరలు ఈమధ్య బాగా పెరిగాయి, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

నచ్చినవి కొన్ని. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ట్యాబ్‌లు, కిటికీలను పక్కపక్కన సర్దే స్నాప్ లేఅవుట్లు నాకు రోజూ పనికొస్తున్నాయి. ప్రూఫ్ ఒకవైపు, పేజీ ఒకవైపు. రైట్ క్లిక్ మెనూని కుదించడం నచ్చలేదు. షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ వస్తుంది. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ చేయమని అడుగుతూ ఉంటుంది. అందులో ఉచిత జాగా 5 జీబీ, నా కోరల్ ఫైళ్లకి ఏ మూలకీ రాదు. మొదటిరోజే ఆపేశాను.

స్కానరే మొండికేసింది. కంపెనీ పేరు ఎందుకులెండి. విండోస్ 7 తర్వాత డ్రైవరే విడుదల చేయలేదు వాళ్లు. 10లో ఎలాగో నెట్టుకొచ్చింది, 11కి మారాక ఒక్క పేజీ కూడా తీయలేదు. దాన్ని బయటపడేయబోతుంటే మా అబ్బాయి తన పాత ల్యాప్‌టాప్‌కి తగిలించి చూశాడు. నాలుగో తరం ఐ3 అది, విండోస్ 11కి అర్హత లేదు. అందుకని వాడు విండోస్ బదులు లినక్స్ మింట్ 22 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాడు. దానికి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. డ్రైవర్ సీడీ, డౌన్‌లోడు ఏమీ లేకుండా స్కానర్ పనిచేసింది. ఇప్పుడు స్కానింగ్ అంతా ఆ ల్యాప్‌టాప్ మీదే. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి మింట్ నడిపి చూసుకోవచ్చు కనుక, పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు తమ ప్రింటరు, వైఫై దానితో ఎలా ఉన్నాయో ముందే తేల్చుకోవచ్చు. అను మీద ఆధారపడ్డవాళ్లు మాత్రం అటు చూడకండి, అది విండోస్ సాఫ్ట్‌వేర్.

ఏడో తరం, ఆరో తరం సిస్టమ్‌ల మీద రూఫస్ అనే ప్రోగ్రాంతో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ చేసి అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించేవాళ్లు ఉన్నారు. ఎక్కుతుంది. అయితే అలా ఎక్కించినవాటికి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. కోర్ 2 డ్యుయో లాంటివైతే విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి బూట్ కూడా కావు. సినిమాలు చూసుకునే కంప్యూటర్ అయితే మీ ఇష్టం. శ్రావణంలో కార్డులు ఇస్తానని అడ్వాన్సు తీసుకున్న కంప్యూటర్ మీద నేనైతే ఆ ప్రయోగం చేయను. 2026 అక్టోబర్ వరకు 10 మీదే ఉండి, ఈలోగా సెకండ్‌హ్యాండ్‌లో ఎనిమిదో తరమో ఆపైదో చూసుకుంటాను.