అండమాన్‌లో కోరల్ చూడాలంటే జాలీబాయా, నార్త్ బేనా?

రెండూ తిరిగొచ్చాక చెప్తున్నా, పగడపు దిబ్బల కోసమే వెళ్ళేవాళ్ళు జాలీబాయ్‌కే వెళ్ళండి, నార్త్ బే టైముంటే చూడొచ్చు లేకపోతే వదిలేయొచ్చు. నార్త్ బే అంటే పాత ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరి చెట్ల బొమ్మ ఉంటుందే, అదే. పోర్ట్ బ్లెయిర్‌కి (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, ఆటోవాళ్ళు మాత్రం పాత పేరే) దగ్గర, సీ వాక్, స్కూబా, జెట్ స్కీ అన్నీ అక్కడే. కానీ దిగీ దిగగానే ప్యాకేజీల బేరం మొదలు, ఫొటోలకి వేరే డబ్బులు, వీడియోకి వేరే, ఆ గోలలో చేపలు చూసిన తృప్తే ఉండదు.

జాలీబాయ్ మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్‌లోని ఒక దీవి. 1983లో పెట్టిన పార్క్, 280 చదరపు కిలోమీటర్ల పైనే ఉంటుంది, అందులో 15 దీవులు. అక్కడికి బోటెక్కే రేవు వండూర్ జెట్టీ, టౌన్ నుంచి దాదాపు 30 కిలోమీటర్లు, బోట్లు పొద్దున్నే బయల్దేరతాయి కాబట్టి హోటల్ వాడికి టిఫిన్ పార్సిల్ ముందు రోజే చెప్పేయాలి. పర్మిట్ కూడా ముందే తీసుకోండి, సోమవారం సెలవు. వానాకాలంలో జాలీబాయ్ మూసేసి రెడ్ స్కిన్ అనే దీవికి తీసుకెళ్తారు, అందుకే నెల చూసుకుని టికెట్లు బుక్ చేసుకోవాలి.

జెట్టీలో చెకింగ్ మాత్రం మామూలుగా లేదు. ప్లాస్టిక్ ఒక్క ముక్క కూడా వెళ్ళనివ్వరు. బిస్కెట్ ప్యాకెట్లు సరే, మా వదిన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి వక్కపొడి పొట్లం కూడా తీసి పక్కన పెట్టించారు, ఆవిడ మొహం చూడాలి అప్పుడు 😄 మేం స్టీల్ డబ్బాలో పులిహోర పట్టుకెళ్ళాం కాబట్టి బతికిపోయాం, దీవిలో కొట్టు ఏమీ ఉండదు, రాత్రి ఉండడానికీ లేదు. కొంతమంది విసుక్కున్నారు గానీ నాకైతే ఆ కట్టుబాటే నచ్చింది, ఒడ్డున ఒక్క చిప్స్ కవర్ కూడా కనపడలేదు మరి.

బోటు మడ అడవుల మధ్య నుంచి వెళ్తుంది, దీవి దగ్గర గ్లాస్ బాటమ్ బోట్‌లోకి (అడుగున గాజు ఉండే బోటు) మారాలి. మా బోటు నడిపినాయన "ఏటండీ, ఏ ఊరు మీది?" అనగానే మాకు ప్రాణం లేచొచ్చింది, వాళ్ళది ఇచ్ఛాపురం వైపు, తాతల కాలంలోనే వచ్చేశారట. అక్కడ తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు లెండి.

గాజులోంచి చూసింది ఒకెత్తు, స్నార్కెలింగ్ (మాస్కు, గొట్టం పెట్టుకుని నీళ్ళపైన తేలుతూ కిందకి చూడటం) ఒకెత్తు. బ్రెయిన్ కోరల్ అచ్చం ఒలిచిన అక్రోట్ పప్పే. ప్యారట్ ఫిష్ ఒకటి రాయిని కొరుకుతుంటే ఆ కటుక్ కటుక్ నీళ్ళలో మనకి వినపడుతుంది! అది మింగిన కోరలే తర్వాత తెల్ల ఇసకగా బయటికొస్తుందట. అయితే టీవీలో చూపించే రంగులు ఊహించుకుని వెళ్ళకండి. కోరల్ లోపల సన్నటి నాచు ఉంటుంది, రంగూ తిండీ చాలావరకు దానివల్లే, నీళ్ళు మరీ వేడెక్కితే ఆ నాచు పోయి కోరల్ తెల్లబడిపోతుంది. 2010లో అండమాన్ అంతా అలా బాగా దెబ్బతింది. మాకు కొన్నిచోట్ల బూడిదరంగు ముక్కల కుప్పలే కనపడ్డాయి, పక్కనే బతికున్నవి కూడా ఉన్నాయి.

వండూర్ బీచ్‌లో ఈత మాత్రం వద్దు, మొసళ్ళ హెచ్చరిక బోర్డులున్నాయి, వల కట్టిన చోటు దాటి వెళ్ళకండి.

బస మేం టౌన్‌లో అబెర్డీన్ బజార్ దగ్గర తీసుకున్నాం, రూమ్ చిన్నదే గానీ శుభ్రంగా ఉంది, భోజనానికి నడిచే వెళ్ళొచ్చు. ట్రావెల్స్ వాడు ఒకడు పర్మిట్ కలిపే రేటు అని చెప్పి జెట్టీ దగ్గర మళ్ళీ అడిగాడు, కాబట్టి ఏమేం కలిసున్నాయో వాట్సాప్‌లో రాయించుకోండి. డిసెంబర్‌లో సాయంత్రం ఐదు దాటితే చీకటే, నాలుగింటికి బయల్దేరే ప్లాన్లు ఏవీ పెట్టుకోకండి. ఇంకొకటి, గవ్వలు, కోరల్ ముక్కలు చచ్చినవైనా సరే తీయొద్దు, చట్టప్రకారం నేరం, ఎయిర్‌పోర్ట్ స్కానింగ్‌లో దొరికితే ఫ్లైట్ టైమ్‌కి అదో తలనొప్పి.