లెట్రోజోల్‌తో పాటు ఐదేళ్ళు జోలెడ్రోనిక్ యాసిడ్: నా అనుభవం

రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తరువాత ఐదేళ్ళ పాటు రోజూ 2.5 మిల్లీగ్రాముల లెట్రోజోల్ మాత్ర వేసుకున్నాను. ఎముకలు పలచబడకుండా ఆరు నెలలకొకసారి 4 మిల్లీగ్రాముల జోలెడ్రోనిక్ యాసిడ్‌ను సెలైన్‌లో ఎక్కించుకున్నాను. ఈ సమీక్ష రెండో మందు గురించి.

నెలసరి ఆగిపోయిన స్త్రీ ఒంట్లో తయారయ్యే కొద్దిపాటి ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను కూడా లెట్రోజోల్ దాదాపుగా ఆపేస్తుంది కనుక, ఎముకను కరిగించే కణాలకు అడ్డు తగ్గిపోతుంది. చికిత్సకు ముందు ఎముక సాంద్రతను కొలవడానికి తీసిన డెక్సా స్కాన్‌లో నా వెన్నెముక టి-స్కోర్ (ఆరోగ్యవంతులైన యువతుల ఎముకతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 1.9 వచ్చింది. మైనస్ 2.5కు దిగితే దానిని ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక సులువుగా విరిగేంత పలచబడడం అంటారు. నాకు మిగిలిన ఎడం పెద్దదేమీ కాదు.

మొదటి డోసు పడిన రాత్రి చలిజ్వరం వచ్చి, రెండు రోజులు ఒళ్ళు నొప్పులతో మంచం దిగలేదు. మొదటిసారి ఇలా కావడం మామూలేనని, పారాసిటమాల్‌తో తగ్గుతుందని ముందుగా ఎవరూ చెప్పకపోవడం వల్ల ఏదో ఇన్ఫెక్షన్ సోకిందని హడలిపోయాను. తరువాతి డోసులకు ఒక పూట నలతకు మించి ఏమీ కాలేదు. ప్రతిసారీ ముందుగా క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), కాల్షియం పరీక్షలు చేయించేవారు. అరుదుగా దవడ ఎముక దెబ్బతినే ప్రమాదం ఉన్నందున, పాడైన పన్నును మందు మొదలుపెట్టకముందే తీయించుకున్నాను. నిజానికి ఈ మొత్తంలో నేను ఎక్కువగా భయపడింది ఆ పంటి కుర్చీకే.

ఈ మందు పని చేస్తున్నట్టు ఒంటికి తెలియదు. పొద్దున్నే వేళ్ళు, మోకాళ్ళు బిగుసుకుపోవడం లెట్రోజోల్ వల్ల కలిగిన కీళ్ళ బాధ. దానికి ఈ సెలైన్ ఏమీ చేయలేదు. దానితో పోతుందని ఏడాది పాటు ఆశపడి నిరాశ చెందాను. ఎముక పలచబడడం విరిగేదాకా నొప్పి పుట్టించదు కనుక, స్కాన్ ఒక్కటే సాక్ష్యం. అదే యంత్రం మీద మళ్ళీ తీయించినప్పుడు మైనస్ 1.8, ఐదేళ్ళ చివర మైనస్ 1.6 వచ్చాయి. రోజూ నడిచాను, బరువులెత్తాను, భోజనంతో పాటు కాల్షియం, విటమిన్ డి వేసుకున్నాను; ఇందులో దేని వాటా ఎంతో విడదీసి చెప్పలేను.

ఎముకలకే ఇచ్చే మరో మందు, చర్మం కింద వేసే డెనోసుమాబ్ సూది ఇంకా సుఖమైనదే. అయితే దానిని ఆపినా, ఆలస్యం చేసినా ఎముక వేగంగా తరిగి, వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. జోలెడ్రోనిక్ యాసిడ్ ఆపిన తరువాత కూడా చాలాకాలం ఎముకలోనే నిలిచి ఉంటుంది. నా ఎంపికకు అదే కారణం. ప్రస్తుతానికి డోసులు ఆపారు, తరువాతి స్కాన్ ఏడాదికి.