పాత స్క్రిప్టుల బెడదకు వీట్ ఎంతవరకు విరుగుడు

వెబ్ యాప్‌లో లోపాన్ని సరిదిద్ది కొత్త వెర్షన్‌ను సర్వర్‌కు ఎక్కించినా, బ్రౌజర్ తన క్యాష్‌లో దాచుకున్న పాత స్క్రిప్టునే నడుపుతూ ఉంటే యూజర్‌కు ఆ దిద్దుబాటు జరగనట్టే లెక్క. స్క్రిప్టు చిరునామా చివర వెర్షన్ అంకెను చేత్తో మార్చే పద్ధతిలో ఒకసారి ఆ అంకె మార్చడం మరచిపోయాను. ఎప్పుడో సరిచేసిన ఫారం గురించి ఫిర్యాదులు వస్తుంటే, పేజీని పూర్తిగా రీలోడ్ చేయమని ఒక్కొక్కరికీ విడిగా చెప్పవలసి వచ్చింది.

ఆ తర్వాతే వీట్‌కు మారాను. ఎవాన్ యూ 2020లో మొదలుపెట్టిన ఈ బిల్డ్ టూల్ (రాసిన కోడ్‌ను సర్వర్‌కు ఎక్కించే ఫైళ్లుగా తయారుచేసే సాధనం), ప్రొడక్షన్ బిల్డ్‌లో, అంటే యూజర్లకు వెళ్లే ఫైళ్లను తయారుచేసేటప్పుడు, స్క్రిప్టు పేరుకు 8 అక్షరాల హ్యాష్ అనే గుర్తును తగిలిస్తుంది. ఆ హ్యాష్ ఫైలులోని కోడ్ నుంచే పుడుతుంది కనుక, కోడ్ మారితే పేరూ మారుతుంది; పేరు కొత్తదైతే బ్రౌజర్ పాత కాపీ జోలికే పోదు. ఒక చిన్న ఫైలు పేరు మారితే దాన్ని ఇంపోర్ట్ చేసుకునే, అంటే పేరుతో పిలిచి వాడుకునే, ఫైళ్ల పేర్లు కూడా మారడం మొదట నాకు దుబారాగా తోచింది గానీ, లోపల రాసి ఉన్న పేరు మారాక ఆ ఫైలూ మారినట్టే కదా.

అయితే హెడర్ల, అంటే ఫైలుతో పాటు సర్వర్ బ్రౌజర్‌కు పంపే సూచనల, బాధ్యత మనదే. హ్యాష్ ఉన్న ఫైళ్లకు మ్యాక్స్-ఏజ్ (దాచుకున్న కాపీని మళ్లీ అడగకుండా వాడుకునే గడువు) 31536000 సెకన్లు, అంటే ఏడాది, ఇవ్వవచ్చు. వాటిని పిలిచే హెచ్‌టీఎంఎల్ పేజీకి మాత్రం నో-క్యాష్ ఉండి తీరాలి, లేకపోతే పాత పేజీ పాత పేర్లనే పిలుస్తుంది. నో-క్యాష్ అంటే దాచవద్దని కాదు, వాడే ముందు ప్రతిసారీ సర్వర్‌ను అడగమని; పేజీ మారకపోతే సర్వర్ 304, అంటే ‘మారలేదు’, అని జవాబిచ్చి ఊరుకుంటుంది. పబ్లిక్ ఫోల్డర్‌లోని ఫైళ్లకు వీట్ హ్యాష్ పెట్టదు కాబట్టి, స్క్రిప్టులను అక్కడ ఉంచకపోవడం మేలు.

అసలు చిక్కు తెరిచి ఉంచిన ట్యాబ్‌లతో వస్తుంది. పాత పేజీలో ఉన్న యూజర్ మరో విభాగాన్ని నొక్కినప్పుడు, ఆ విభాగానికి కావలసిన, కానీ డిప్లాయ్‌లో (కొత్త వెర్షన్‌ను ఎక్కించినప్పుడు) తొలగిపోయిన ఫైలును బ్రౌజర్ అడుగుతుంది. అప్పుడు ఫైలు లోడ్ కాలేదని తెలిపేందుకు వీట్ పంపే ప్రీలోడ్ ఎర్రర్ ఈవెంట్‌ను మన కోడ్‌లో పట్టుకొని పేజీని రీలోడ్ చేయించవచ్చు. ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది. కానీ ఫారం సగం నింపిన మనిషికి ఆ రీలోడ్ నష్టమే కనుక, నేను గత డిప్లాయ్ ఫైళ్లను కూడా కొన్నాళ్లు సర్వర్‌లోనే ఉంచుతున్నాను.